గంజి, గునపం, గుండ్లకమ్మ

మొన్నీమధ్య మా పదో తరగతి వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డు వచ్చింది. "గుప్పెడు బియ్యానికి, గరిటెడు గంజికి దేవుణ్ణి అమ్ముకున్నవాళ్ళు" అని మొదలై, చివర్లో పది మందికి పంపమని ముగిసే రకం. పంపినవాడు మంచివాడే, రోజూ పొద్దున్నే పూల బొమ్మలతో శుభోదయం చెప్తాడు. నలుగురు దానికి దండాలు పెట్టారు. ఒకడు నవ్వు బొమ్మ పెట్టాడు. ఓ అరగంట తర్వాత గ్రూపులోంచి ఒకడు బయటికెళ్ళిపోయాడని సన్నటి అక్షరాల్లో ఒక లైను కనపడింది. ఎవరా అని చూస్తే, తొమ్మిదిలోనూ పదిలోనూ నా పక్క బెంచీలో కూర్చున్నవాడు.

నేను ఆ రోజు ఏమీ అనలేదు. మీటింగులో ఉన్నాను (ఇది సాకు అని నాకూ తెలుసు).

అనకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ గంజి మాట వాడితో మొట్టమొదట అన్నది నేనే. తొమ్మిదో తరగతిలో, క్రికెట్‌లో అవుటా కాదా అన్న గొడవలో. మా ఇంట్లో మామూలుగా వినపడే మాటే అది. అర్థం తెలిసి అన్నానో తెలీక అన్నానో ఇప్పుడు చెప్పలేను గానీ, ఎక్కడ తగులుతుందో మాత్రం తెలిసే అన్నాను. వాడు బ్యాటు అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. రెండ్రోజుల తర్వాత మళ్ళీ మామూలుగా మాట్లాడుకున్నాం. పిల్లలం కదా. ఇన్నేళ్ళ తర్వాత అదే మాట, అదే మనిషి, ఈసారి కూడా వాడే లేచి వెళ్ళిపోయాడు.

మాది అద్దంకి వైపు. ఒంగోలులో ఏబీఎం కాంపౌండంటే తెలియనివాళ్ళు ఉండరు. ఏబీఎం అంటే అమెరికన్ బాప్టిస్టు మిషన్ అని మాత్రం చాలామందికి తెలీదు, నాకూ చాలాకాలం తెలీదు. వృత్తిరీత్యా బగ్గు వస్తే ముందు లాగులు చూడడం అలవాటు కాబట్టి, ఈ గంజి కథకి కూడా లాగులు వెతికాను. ఈ మిషనులో ముఖ్యుడైన జాన్ ఎవరెట్ క్లౌ, మనవాళ్ళ భాషలో క్లౌ దొర, చెప్పిన జీవితకథ 1914లో పుస్తకంగా వచ్చింది. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళు. రాసింది ఆయన భార్య. అంటే తన కోడుకి తనే టెస్టులు రాసుకున్నట్టే, అందులో ప్రతి మాటా నమ్మక్కర్లేదు. కానీ తారీఖులు, కాలవ, కరువు మాత్రం ఆయన కల్పన కాదు.

సంగతేంటంటే, ఈ మిషను మనవైపు ఏమంత వైభవంగా మొదలవలేదు. శామ్యూల్ డే అనే ఆయన 1836లో తెలుగువాళ్ళ మధ్య పని మొదలెట్టి 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళ తరబడి చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే చేరారు. అమెరికాలో డబ్బులిచ్చే వాళ్ళకి విసుగొచ్చి మూసేద్దామా అన్న చర్చ ఒకటికి రెండుసార్లు నడిచింది. లోన్ స్టార్ మిషన్, ఒంటరి నక్షత్రం, అన్న పేరు అలా వచ్చిందే. మన భాషలో చెప్పాలంటే బడ్జెట్ రివ్యూలో ప్రతిసారీ కత్తి కింద ఉండే ప్రాజెక్టు.

క్లౌ 1866లో ఒంగోలులో మకాం పెట్టాడు. కుర్రతనంలో మిన్నెసోటాలో సర్వే పార్టీలతో తిరిగి, భూములు కొలిచే పని నేర్చుకున్న మనిషి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

అదే 1866లో తాళ్లకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దాయన బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ళ వ్యాపారం మీద తిరిగే మనిషి, అంతకుముందే యోగం, గురువులు అని వెతుక్కుంటూ పోయినవాడు. ఒంగోలు సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మందితో మొదలైంది. మాదిగపల్లెల్లోకి ఆ మాట తీసుకెళ్ళింది దొర కంటే ఎక్కువగా పేరయ్యే, ఆయన చుట్టాలూ. చెప్పులు కుడుతూ చెప్పుకున్న మాటలవి. మొదట్లో క్లౌ దగ్గరికి అగ్రవర్ణాల వాళ్ళు కూడా ఆసక్తిగా వచ్చేవారు. మాదిగలు రావడం మొదలయ్యాక వాళ్ళు ముఖం చాటేశారు. ఇద్దరూ కావాలంటే కుదరదని దొరకి అర్థమై, వచ్చినవాళ్ళనే ఉంచుకున్నాడు.

చేరినవాళ్ళకి దొరికిందేంటో చూడండి. ఆదివారం పని చెయ్యం, చచ్చిన గొడ్డు మాంసం తినం, కొలుపుల్లో డప్పు కొట్టం అన్నారు. ఊరి మున్సబు, కరణం ఊరుకుంటారా? పని పోయింది, నీళ్ళ దగ్గర అడ్డు పడింది, దెబ్బలు తిన్నారు, దొంగతనం కేసులు మోపారు. కరువు రాకముందే, ఇన్ని పడుతూ, ఒంగోలు ప్రాంతంలో చేరినవాళ్ళు మూడు వేలు దాటారు. గంజి సిద్ధాంతానికి ఇక్కడే మొదటి ఎర్రర్ వస్తుంది. గంజి ఇంకా పొయ్యి మీదకే ఎక్కలేదు మరి.

ఇక కరువు. 1876-78, మన పెద్దవాళ్ళు ధాత కరువు అనేవాళ్ళు. దక్షిణాది మొత్తం మీద చనిపోయినవాళ్ళు యాభై లక్షలకి పైనే అని చాలామంది చరిత్రకారుల లెక్క. వానలు పడకపోవడం ఒక ఎత్తు, ధాన్యం ఓడలెక్కి ఇంగ్లండుకి పోతూనే ఉండడం ఇంకో ఎత్తు. వైస్రాయి లిట్టన్ 1877లో ఖర్చు తగ్గించమని సర్ రిచర్డ్ టెంపుల్‌ని మద్రాసు పంపాడు. ఆయన కరువు పనుల్లో రోజుకూలీని ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర, అని తేల్చాడు. పౌనంటే సుమారు 450 గ్రాములు. రోజంతా మట్టి తవ్వే మనిషికి. మద్రాసులో ఆరోగ్యశాఖ చూసే డాక్టర్ కార్నిష్ ఇది చాలదు మొర్రో అని మొత్తుకున్నాడు. సాయం కూడా ఇలా కొలిచి, ఆకలి తీరకుండా, ఆశ చావకుండా ఇవ్వొచ్చని చూపించిన ఘనత సర్కారువారిది. ఇందులో చర్చి పాత్ర ఏమీ లేదు.

మద్రాసు గవర్నరు అప్పట్లో డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్. తీరం వెంబడి ఉప్పుకాలవని పెద్దగంజాం దాకా కలిపే పని కరువు పనిగా పెట్టారు. అదే బకింగ్‌హామ్ కాలవ. క్లౌ దొర వెళ్ళి, మూడున్నర మైళ్ళ ముక్కకి కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషనరీ ఏంటి, మట్టిపని కాంట్రాక్టేంటి? ఇదిగో, ఆ సర్వే చదువు ఇక్కడ అక్కరకొచ్చింది. కొలతలు తెలుసు, క్యూబిక్ గజాల లెక్క తెలుసు, జనాన్ని జట్లుగా విడగొట్టడం తెలుసు. ఊళ్ళు తిరిగి ప్రసంగాలు చేసే తెలుగు బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. క్రైస్తవులైనా కాకపోయినా గునపం పట్టుకున్నవాడికి పని, సాయంత్రానికి కూలి. పని కోసం వస్తూ దారిలోనే రాలిపోయినవాళ్ళు ఎందరో. వచ్చాక కలరా తినేసినవాళ్ళు మరికొందరు. పట్టలేదు సరే, చేతకానివాళ్ళకి, అంటే ముసలివాళ్ళకి, పిల్లలకి, ఊరికేనే తిండి పెట్టించాడు.

ఆ కాలవ గట్టు మీద సాయంత్రాలు ఎలా ఉండేవో ఊహించడానికి ప్రయత్నించాను. రోజంతా తవ్విన జనం, పక్కన మేస్త్రీగా ఉన్న బోధకుడు తమ వాడే, తమ పల్లె మాటే మాట్లాడతాడు. పొద్దు గుంకాక ఆయన కూర్చుని కథ చెప్తాడు, పాట పాడతాడు. వాళ్ళు వేలల్లో వచ్చి మమ్మల్నీ చేర్చుకోండి అని అడిగారు. క్లౌ వద్దన్నాడు. 1877 మార్చి నుంచి సుమారు పదిహేను నెలలు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు.

నేను ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అమెరికాలో డబ్బులిచ్చేవాళ్ళు లెక్కలడుగుతుంటారు. ఒకప్పుడు మూసేద్దామన్న ప్రాజెక్టు. గుమ్మంలో వేలమంది. ఒక్క సంతకంతో డాష్‌బోర్డు అంతా పచ్చగా మారిపోతుంది. మనమైతే ఆ క్వార్టరులోనే రిలీజు చేసేవాళ్ళం. ఆయన కూడు వరసనీ, నీళ్ళ వరసనీ కలవనివ్వలేదు.

1878లో కాలవ పని అయిపోయి, సహాయం పంచడం ఆగిపోయాక, ఇక ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదని చెప్పాకే గేటు తీశాడు. ఒంగోలుకి పది మైళ్ళ ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. ఆ ఏడాది చివరికి 9,606 మంది. హైవే మీద ఒంగోలు నుంచి ఇంటికి వెళ్ళినప్పుడల్లా నేను ఆ ఏరు దాటేవాణ్ణి. కిటికీలోంచి నీళ్ళున్నాయా లేదా అని మాత్రమే చూశాను ఇన్నాళ్ళూ.

ఇక్కడ అవతలి వాదన కూడా న్యాయంగా చూడాలి. సాయం ఆపేసినంత మాత్రాన కృతజ్ఞత ఆగిపోతుందా? ఆకలిలో ఆదుకున్నవాడు పిలిస్తే కాదనగలరా? నిజమే. కృతజ్ఞత కూడా ఒక బరువే, ఒక ఒత్తిడే. ఆ 2,222లో ఎందరు నమ్మి వచ్చారో, ఎందరు ఋణం అనుకుని వచ్చారో, ఎందరు వాళ్ళ కులపెద్ద వెనకాల వచ్చారో ఎవరూ తేల్చలేరు. అమెరికాలో సొంతవాళ్ళే కొందరు ఇంత తొందరగా ఇంతమందా అని ముక్కున వేలేసుకున్నారు. ఆపైన ఆ 2,222 అంకె వాళ్ళ పత్రికల్లో ట్రోఫీలా ఊరేగింది. అదీ నాకు నచ్చదు. మనిషికి ఒక పేరుంటుంది, ఆ రోజు గుండ్లకమ్మలో దిగిన రెండు వేల పేర్లూ పోయి అంకె మిగిలింది.

అయినా సరే, కష్టంలో పక్కన నిలబడ్డవాడి వెంట మనిషి నడిస్తే దాన్ని అమ్ముడుపోవడం అంటామా? మరి అదే కరువులో అదే ఊళ్ళో గాదెలున్నవాళ్ళు ఏం చేశారో ఎవరూ ఫార్వర్డు చెయ్యరే. అన్నం పెట్టారు గనక మారారు అనేవాళ్ళు, అప్పటిదాకా ఎందుకు పెట్టలేదు అన్న ప్రశ్న దగ్గరికి రారు.

అసలు తిండి తిన్నవాళ్ళంతా మారితే మనమంతా ఎప్పుడో మారాలి. 1956లో కుదిరిన పీఎల్-480 ఒప్పందం కింద అమెరికా గోధుమలు ఏళ్ళ తరబడి తిన్నది దేశమంతా. కేర్ సంస్థ ఇచ్చిన ఉప్మా, పాలపొడి బళ్ళో తిన్న తరం మా నాన్నది. ఆ పాలపొడి అరచేతిలో పోసుకుని నాకుతూ ఇంటికొచ్చేవాళ్ళమని ఇప్పటికీ మురిపెంగా చెప్తాడు. ఆయన్ని ఎవరూ పాలపొడికి అమ్ముడుపోయావనలేదు. మా అమ్మ పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆస్పత్రిలో. ఆనా కుగ్లర్ అనే లూథరన్ డాక్టరమ్మ 1883లో అమెరికా నుంచి వచ్చి, 1898లో కట్టించిన ఆస్పత్రి. కాన్పు కష్టమైతే అమ్మమ్మని ఎడ్లబండి మీద బస్సు దాకా తీసుకెళ్ళి, అక్కణ్ణించి అక్కడికే తీసుకెళ్ళారట. అమ్మమ్మ అక్కడ మడి కట్టుకోవడం కుదరలేదని మాత్రం చివరిదాకా సణిగింది, మతం గురించి ఎవరూ ఏమీ అడగలేదంది. అంటే మా ఇంట్లో తీసుకున్నది వైద్యం, వాళ్ళ ఇంట్లో తీసుకున్నది లంచం. లెక్క బాగుంది!

ఇంకోటి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడు ఎస్సీ కాదు. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో కలిపారు, వీళ్ళని కలపలేదు. మన దగ్గర బీసీ-సి అని ఒక శాతం రిజర్వేషన్ ఇస్తారు. కాగితం మీద నిజం రాసుకుంటే ఉద్యోగం పోతుంది, అబద్ధం రాసుకుంటే ఆదివారం పోతుంది. లాభం కోసం మారారంటే, ఇదేం లాభమో ఎవరైనా ఎక్సెల్ షీటులో వేసి చూపించాలి. పోనీ చర్చిలోపల కులం పోయిందా అంటే అదీ లేదు. మాల చర్చి, మాదిగ చర్చి అని వేర్వేరుగా ఉన్న ఊళ్ళు నాకే తెలుసు. నూటయాభై ఏళ్ళ తర్వాత కూడా. దానికి మాత్రం దొరల్ని, బోర్డుల్ని అడిగి లాభం లేదు.

చర్చిలు ఏం చేసినా ఒప్పేనని కాదు నా మాట. నేను ఆన్‌సైట్‌లో ఉన్నప్పుడు టీములో ఒకతను వాళ్ళ చర్చి తరఫున వారం రోజులు గ్వాటెమాలా వెళ్ళి ఇళ్ళు కడతామని చందా అడిగాడు. మంచి మనిషి, ఇచ్చాను. కానీ ఇటుక మీద ఇటుక ఎప్పుడూ పెట్టని పది మంది ఇంజనీర్లు విమానమెక్కి వెళ్ళి కట్టే గోడ ఎంత నిటారుగా ఉంటుందో అన్న అనుమానం నన్ను వదల్లేదు. ఆ టిక్కెట్ల డబ్బుతో అక్కడి మేస్త్రీలకి ఎన్ని రోజుల కూలి వచ్చేదో. క్లౌ దగ్గర కనీసం కొలబద్ద ఉంది, పని రాలేదని వచ్చినవాళ్ళకి కూలీ దక్కింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ మనమే. కొన్నేళ్ళ క్రితం మా కంపెనీ సేవా దినం అని ఊరి చివర అనాథ పిల్లల హోముకి తీసుకెళ్ళింది. మతంతో సంబంధం లేని చిన్న ట్రస్టు. పదింటికి రావాల్సిన బస్సు పన్నెండింటికి చేరింది. పిల్లలు అప్పటిదాకా ఎండలో వరసగా నిలబడే ఉన్నారు. మేము లోగో ఉన్న టీషర్టులు వేసుకుని, లోగో ఉన్న నోటు పుస్తకాలు ఇచ్చాం. వాళ్ళు పాట పాడారు, థాంక్యూ అన్నారు, ఫోటోలు తీశారు. ఆ ఫోటో సరిగా రాలేదని ఇంకోటి తీశారు. ముందు వరసలో ఎనిమిదేళ్ళ పిల్ల "అన్నా, ఇంక కూర్చోవచ్చా?" అని నన్నడిగింది. మేమిచ్చిన పుస్తకానికి ఆ పిల్ల కట్టిన ధర అది, రెండు గంటల ఎండ. మేము దేవుణ్ణి అడగలేదు, ఫోటో అడిగాం, అంతే తేడా.

1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగితే, మన దోర్నకల్ దగ్గర పనిచేస్తున్న అజరయ్య అనే తమిళాయన వెళ్ళి దొరలందరి ముందు కుండబద్దలు కొట్టాడు. మీరు ధనమిచ్చారు, త్యాగాలు చేశారు, కానీ మాకు కావాల్సింది స్నేహితులు అని దాని సారాంశం. సభలో చాలామందికి మింగుడు పడలేదట. రెండేళ్ళ తర్వాత ఆయనే ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్పయ్యాడు. ఆ మాట మా సేవా దినం బస్సుకి కూడా అతికించొచ్చు.

ఇప్పుడు విదేశీ విరాళాల చట్టం సంగతి అందరికీ తెలిసిందే. 2017 మార్చిలో కంపాషన్ ఇంటర్నేషనల్ అనే అమెరికన్ క్రైస్తవ సంస్థ ఇండియాలో దుకాణం కట్టేసింది, దాని కింద లక్షా నలభై వేలకి పైగా పిల్లలున్నారు. 2020 సవరణతో వచ్చిన విదేశీ డబ్బుని ఇంకో చిన్న సంస్థకి ఇవ్వడమే కుదరదన్నారు. మతమార్పిడి ఆరోపణలుంటే విచారించాల్సిందే. ఫీజు కట్టే పిల్లాడికి ప్రార్థన తప్పనిసరి చేస్తే అది తప్పే, నేను ముందుంటాను తిట్టడానికి. కానీ ఆ రెండు వరసలూ కలిశాయా లేదా అని ఊరెళ్ళి చూడాలి. ఢిల్లీలో స్విచ్ ఆపేస్తే పిల్లాడి ఫీజు ఆగుతుంది, అనుమానం అలాగే ఉంటుంది.

ఇదంతా చదివాక మా వాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు వైజాగులో ఉంటున్నాడు. తొమ్మిదో తరగతి సంగతి నేనే ఎత్తాను. "గుర్తుందిరా" అన్నాడు, అంతే. క్లౌ, కాలవ, పదిహేను నెలలు, అన్నీ ఉత్సాహంగా చెప్పుకుపోయాను. వాడు ఊఁ కొడుతూ విన్నాడు. మా ముత్తాత ఆ కాలవ తవ్వాడో లేదో మాకెవరికీ తెలీదురా అన్నాడు. కాసేపాగి, "తారీఖులన్నీ బానే వెతికావు గానీ, ఆ రోజు గ్రూపులో ఒక్క మాట ఎందుకనలేదు?" అన్నాడు.

మీటింగు అని చెప్పబోయి ఆగాను.

ఆ రాత్రి గ్రూపులో పెద్ద మెసేజి పెట్టాను, తొమ్మిదో తరగతి సంగతితో సహా. ఇద్దరు బొటనవేలు చూపించారు. ఫార్వర్డు పంపినవాడు నాకు విడిగా ఫోన్ చేసి, నేను అంత ఆలోచించి పంపలేదురా అన్నాడు, నిజమే చెప్పుంటాడు. ఇంకొకడు ఒంగోలు బైపాసులో గజం ఎంతుందో కనుక్కోమన్నాడు. మా వాణ్ణి మళ్ళీ చేర్చమని అడ్మినుకి చెప్పాను. లింకు పంపారట. వాడు ఇంకా నొక్కలేదు.